తర్వాతి స్టేషన్‌లో దిగు

ఫ్రాన్స్‌లో రైలు తప్పిపోయిన కథను సామ్యూల్ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అందులో ఒక అబద్ధం ఉండేది. చిన్నదే. నీళ్ల సీసా అంత.

ఆ సాయంత్రం కూడా శాలిబండలో దస్తగీర్ దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. దస్తగీర్ సూట్‌కేసులకు చక్రాలు, జిప్పులు వేస్తాడు. ఫ్రాన్స్ వెళ్లొచ్చిన సూట్‌కేసుకు చక్రం వేసింది తనే కాబట్టి ఆ ప్రయాణంలో తనకూ వాటా ఉందని అతని నమ్మకం. హ్యాండిల్ ఊడిన బ్యాగు తెచ్చిన దుర్గయ్యను పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మా టీసీ సాబ్‌ను రైలు ఎట్ల ఇడిసిపెట్టి పోయిందో ఇను భాయ్. ముప్పై నాలుగేండ్లు టికెట్ లేనోళ్లను దించిండు. ఆఖరికి టికెట్ ఉండంగ ఈననే ఎక్కనియ్యలే."

సామ్యూల్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

చర్చివాళ్లతో కలిసి యూరప్ యాత్ర. పారిస్‌లో ఒక్కరోజు ఎవరిష్టం వాళ్లది. మిగతావాళ్లు ఇనుప టవరు ఎక్కడానికి పోతే, సామ్యూల్ భార్య బేబీ మాత్రం రువాన్ పోదామంది. రైల్లో గంటన్నర దూరం. జోన్ ఆఫ్ ఆర్క్‌ను తగలబెట్టిన పాత ఊరు, వీధికి అడ్డంగా కమాను మీద పెద్ద గడియారం ఉన్న ఊరు. బేబీకి ఆ గడియారమూ అక్కర్లేదు, ఆ చరిత్రా అక్కర్లేదు. అక్కడ ముసలి సిస్టర్లుండే ఇంట్లో సిస్టర్ క్లెమెన్స్ ఉంది. తొమ్మిదేళ్లకే తల్లి పోయిన బేబీని హాస్టల్లో చేరదీసి, జడలేసి, సూదిలో దారం ఎక్కించడం నేర్పి, ఆ సూది మీదే బతికే దారి చూపిన మనిషి. తొంభై ఒకటి నిండాయి. పొద్దున పన్నెండులోపు రమ్మని, ఆ తర్వాత మందులకు నిద్ర పట్టేస్తుందని రాసింది. ఆమె కోసం మల్లెపూలు కుట్టిన దిండు గలీబును బేబీ చేతిసంచిలో పెట్టుకుంది.

"ఎక్కి కూసున్నం," అన్నాడు సామ్యూల్, ఎప్పుడూ అనేట్టే. "బేబీకి దూపైంది. నీళ్లు తెద్దామని దిగిన. మన దగ్గరైతే గార్డు జెండా ఊపాలె, కూత పడాలె, బండి మెల్లగ కదలాలె, గప్పుడు గదా మనం ఎక్కుడు. ఆడ బండి కదలకముందే తలుపులు మూసుకున్నయ్. కొట్టిన, గుద్దిన. ఊకనే చూస్తున్నరు గని తెరుస్తలేరు."

దుర్గయ్య నవ్వడం మొదలుపెట్టాడు. దస్తగీర్‌కు ప్రతి మాటా కంఠతా వచ్చు, అయినా నవ్వాడు.

టికెట్లు రెండూ సామ్యూల్ జేబులోనే ఉన్నాయి. ఫోనూ ఆయన దగ్గరే. అయినా ఆయన కంగారుపడలేదు. పెళ్లయిన కొత్తలో, సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద భార్యకు నేర్పిన పాఠం ఒకటుంది. మనం తప్పిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగు, దిగినచోటు నుంచి కదలకు, నేను వెనక బండిలో వస్తా. బేబీ అక్షరం పొల్లుపోకుండా అదే చేసింది. వెర్నోన్ అనే స్టేషన్‌లో దిగి బెంచీ మీద కూర్చుంది.

వెనక బండి అక్కడ ఆగదు. ఆ సంగతి సామ్యూల్‌కు బండి ఎక్కాక తెలిసింది. కిటికీలోంచి ఒక్క రెప్పపాటు కనిపించింది బేబీ. ఆకుపచ్చ చీర, ఒళ్లో సంచి, దూసుకుపోతున్న పెట్టెల్లో ఆయన కోసం వెతుకుతున్న కళ్లు. అద్దం మీద అరచేత్తో కొట్టాడు. అప్పటికే స్టేషన్ వెనక్కి పోయింది.

రువాన్‌లో పదకొండు కొట్టేసరికి దిగాడు. సిస్టర్ ఉండే ఇల్లు పావుగంట నడక. వెళ్లలేదు. బేబీ తర్వాతి బండిలో వస్తుందని ప్లాట్‌ఫారం మీదే కాపలా కాశాడు. ఒక బండి వచ్చింది, ఇంకోటి వచ్చింది. టికెట్ లేకుండా బండి ఎక్కకూడదని ఆమెకు నేర్పింది కూడా తనేనని ఒంటిగంటకు గాని తట్టలేదు. వెనక్కి పరుగెత్తి ఆమెను చేరుకునేసరికి రెండు కావస్తోంది. ఫోన్ చేస్తే సిస్టర్ నిద్రపోయింది, రేపు పొద్దున రమ్మన్నారు. రేపు పొద్దున బృందమంతా రోమ్‌కు విమానం ఎక్కాలి. గలీబును పారిస్‌లో పోస్టు చేశారు.

"నీ దూప కోసమే దిగిన," అని ఆ బెంచీ దగ్గర మొదటిసారి అన్నాడు సామ్యూల్. బేబీ కాసేపు ఆయన మొహంలోకి చూసి తలూపింది. అప్పటి నుంచి ఆ మాట అట్లాగే నిలిచిపోయింది.

కథ అయిపోవస్తుండగా బేబీ వచ్చింది, చేతిలో ఉత్తరంతో. ఆ మధ్యాహ్నమే హుస్సేనీ ఆలంలోని వాళ్లింటికి వచ్చిందట. ఫ్రెంచి. దస్తగీర్ కూతురు రుక్సార్ ఫోన్‌లో ఫోటో తీసి, తెలుగులోకి మార్చి, మెల్లగా చదివింది.

సిస్టర్ క్లెమెన్స్ పోయిన నెల కన్నుమూశారు. మీరు పంపిన గలీబు తొడిగిన దిండు మీదే ఆమెను పడుకోబెట్టాం. మీరు రావలసిన రోజున తొమ్మిదింటికే చక్రాల కుర్చీని గేటు దగ్గర పెట్టించుకున్నారు. పన్నెండు దాటినా లోపలికి రానన్నారు. నా పిల్ల ఆలస్యం చేసే మనిషి కాదు, దారిలో ఏదో జరిగింది అన్నారు. ఏం జరిగిందో తెలుసుకోవాలని చివరిదాకా అడుగుతూనే ఉన్నారు.

రుక్సార్ ఆగింది. దుర్గయ్య తల దించుకున్నాడు. సామ్యూల్‌కు మాత్రం పావుగంట నడక దూరంలో, గేటు దగ్గర, ఒక చక్రాల కుర్చీ కనిపిస్తోంది. తను ప్లాట్‌ఫారం మీద కాపలా కాసిన ఆ రెండు గంటలూ.

"జవాబు రాయి బిడ్డా," అంది బేబీ. గొంతు మామూలుగానే ఉంది. "బేబీకి దూపైందని రాయి. దూప ఆపుకోలేకపోయింది, గందుకే రాలేదు, మాఫ్ చెయ్యమన్నదని రాయి."

రుక్సార్ వేలు ఫోన్ మీదికి వెళ్లింది.

"రాయకు," అన్నాడు సామ్యూల్.

అందరూ ఆయన వైపు తిరిగారు. జేబులోంచి రైల్వే గుర్తింపు కార్డు తీశాడు. మూలలు అరిగిపోయాయి, అయినా మెడకేసుకునే తాడు పీకలేదు.

"దూప గాలేదు. గార్డు కనిపిచ్చిండు. టోపీ పెట్టుకొని మస్తుగున్నడు. మనది గూడ గదే డిపార్ట్‌మెంటు గదా, కార్డు చూపెడదాం, ఒక ఫోటో దిగుదాం అని దిగిన. కార్డు చూసిండు, నవ్విండు, లోపలికి ఎక్కిండు. తలుపులు పడ్డయ్."

దస్తగీర్‌కు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయాడు, చాతకాలేదు. కార్డు చూపిచ్చినవా భాయ్, ఫ్రాన్సోనికి, అంటూ తొడ చరుచుకున్నాడు. అది చూసి దుర్గయ్య కూడా. నీళ్ల సీసా కంటే కార్డు కథ వెయ్యి రెట్లు బాగుంది. సామ్యూల్ చెప్పిన అన్నిసార్లలోనూ ఇంత నవ్వు ఎప్పుడూ రాలేదు.

బేబీ నవ్వలేదు. ఉత్తరాన్ని మడతల మీదే మడిచింది.

"నేను నీళ్లు అడిగినట్టు నాకు యాదికి లేకుండె," అంది. "గా బెంచీ కాడ నువ్వు అన్నంక మస్తు యాది చేసుకున్న. అడిగే ఉంట అనుకున్న. ఎనిమిది నెల్లు. మొన్న కాజీపేట పోయినప్పుడు గూడ బండిల గుటక నీళ్లు తాగలే."

దస్తగీర్ నవ్వు ఆగిపోయింది.

సామ్యూల్ లేచాడు. కార్డు ముందుకు చాపాడు. బేబీ దాన్ని చూడనైనా లేదు.

"నా ఎంట రాకు. ఈడనే కూసో."

శాలిబండ రద్దీలోకి ఆమె నడిచిపోయింది. పురానాపూల్ ఆటో ఒకటి అడ్డం వచ్చి పక్కకు తప్పుకునేసరికి ఆమె కనిపించలేదు. దుర్గయ్య బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి దస్తగీర్ మెల్లగా, ఇంటికి పో భాయ్, కోపం తగ్గితది అన్నాడు.

సామ్యూల్ స్టూలు మీది నుంచి కదలలేదు. వెర్నోన్‌లో ఆమె ఆ బెంచీ మీద నాలుగున్నర గంటలు కూర్చుంది.