విడివిడిగా రమ్మన్నాడు

“మీ కేసు పరిశీలనలో ఉందమ్మా. ఇంకో ఆరు వారాలు ఆగండి.”

లైన్లో ఆగమని నలభై నిమిషాలు పాట వినిపించి, ఈ ఒక్క ముక్క చెప్పి, పిల్లల పోషణ ఆఫీసు వాళ్లు ఫోన్ పెట్టేశారు. డబ్బు వేసి బట్టలుతుక్కునే లాండ్రీలో నిలబడ్డ జెనీన్‌కు ఒళ్లు మండిపోయింది. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది గానీ, పగిలితే ఇంకోటి కొనే దిక్కు లేదు.

ముందు డబ్బు కడితేనే వెలిగే కరెంటు మీటరు నిన్ననే ఆరిపోయింది. చెమ్మ పట్టిన గదిలో రెండేళ్ల టెస్ రాత్రంతా దగ్గింది. పిల్ల తండ్రి గ్లెన్ విడిపోయి వేరే ఉంటున్నాడు. ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో, హెబ్డెన్ అనే యజమాని షెడ్డులో చేపలు కోసే పని అతనిది. అతని జీతంలోంచి పిల్ల ఖర్చు కోసి పంపమని ఆఫీసు హెబ్డెన్‌కు ఆదేశమిచ్చి పద్నాలుగు నెలలైంది. ఒక్క పౌండూ రాలేదు. గ్లెనే ఏదో మాయ చేసి ఎగ్గొడుతున్నాడని జెనీన్ నమ్మకం.

“నీదీ ఆ పాటేనా?” అంది లాండ్రీ నడిపే మోరీన్, తడి దుప్పటి పిండుతూ. “ఈ మెషీన్ల రొద కన్నా ఆ పాటే ఎక్కువ వింటున్నానే పిల్లా. వారానికి నలుగురు వింటారిక్కడ.”

“కేసు సంగతి ఎవరితోనూ చెప్పుకోకూడదన్నారు. గుట్టంట.”

“ఆ గుట్టుతో నీ మీటరు వెలిగిందా? తియ్యి ఆ ఆఫీసు వాళ్ల ఉత్తరం!”

శనివారానికి బట్టలు మడతపెట్టే బల్ల మీద పదకొండు ఉత్తరాలు చేరాయి. ఏడింటిలో యజమాని పేరు హెబ్డెన్. ఏడుగురు ఆడవాళ్లు ఏడాదికి పైగా పక్కపక్కనే బట్టలు ఉతుక్కుంటూ, ఎవరి మొగుణ్ణి వాళ్లు తిట్టుకుంటూ కూర్చున్నారు. అంతకన్నా వెర్రితనం ఉంటుందా?

ఆ సాయంత్రమే జెనీన్ షెడ్డు గేటు దగ్గర గ్లెన్‌ను పట్టుకుంది.

“సిగ్గుందా నీకు? పిల్ల దగ్గి దగ్గి చస్తోంది!”

“నన్నంటావేంటే? వారం వారం కోస్తూనే ఉన్నారుగా! నా కడుపు కొట్టి నీకు పెడుతున్నారని నేను ఏడుస్తుంటే!”

జేబులోంచి జీతం చీటీ తీసి మొహాన కొట్టాడు. ‘పిల్లల పోషణ: కోత’ అని అచ్చయి ఉంది. ఇద్దరూ ఆ చీటీ వైపు చూసి, షెడ్డు మీద వెలుగుతున్న హెబ్డెన్ గది వైపు చూశారు. చుట్టూ రబ్బరు బూట్ల మగవాళ్లు తమ చీటీలు తీశారు. అందరివీ అలాంటివే.

హెబ్డెన్ మెట్లు దిగాడు. “కంపెనీ ఇబ్బందుల్లో ఉంది. విడివిడిగా రండి, మాట్లాడుకుందాం.”

“విడివిడిగానే కదయ్యా ఇన్నాళ్లూ చచ్చాం!” అంది జెనీన్.

సోమవారం పొద్దున్నే చేపల లారీలు వచ్చేసరికి గేటుకు అడ్డంగా, పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బళ్లు ఏడున్నాయి. లోపల కత్తులు బల్లల మీదే ఉన్నాయి, కోసేవాళ్లు గేటు దగ్గరున్నారు. పెట్టెల్లో మంచు కరిగి రోడ్డు మీదికి కారుతోంది.

హెబ్డెన్ ఒక కవరు తెచ్చి జెనీన్ చేతిలో పెట్టాడు. “నీ పద్నాలుగు నెలలదీ ఇందులో ఉంది. నీ బండి లాగెయ్. పిల్లని వెచ్చగా పడుకోబెట్టుకో.”

ఆమెకు మీటరు గుర్తొచ్చింది. పక్కనే బండిలో టెస్ దగ్గు వినబడుతోంది. ఆ క్షణం ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

“మిగతా ఆరుగురిదో?”

“వాళ్లతో నీకేం పని?”

జెనీన్ కవరు అతని జేబులో కుక్కి, బండి బ్రేకు కాలితో గట్టిగా నొక్కింది.

“అందరిదీ ఇక్కడే, అందరి ముందూ కక్కు! అప్పుడు కదులుతాం.”

దారికి అడ్డం పడుతున్నారని పోలీసులు ఆమెను వ్యానెక్కించారు. బండి తీసెయ్యమని గ్లెన్‌కు చెప్పారు. అతను టెస్‌ను ఎత్తుకుని, కోటులో చుట్టి గుండెకు అదుముకున్నాడు. బండిని మాత్రం ఉన్నచోటే ఉంచి, దాని వెనక నిలబడ్డాడు.

“ఎవరికి కావాలి డబ్బు? ఒక్కొక్కరే రండి!” అని హెబ్డెన్ కవరు ఊపుతూ అరుస్తున్నాడు. వ్యాను మలుపు తిరిగేదాకా జెనీన్ అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఏడు బళ్లలో ఒక్కటీ కదల్లేదు.