గోడవార

మా అక్క హైమవతి పోయిన రోజున ఆమెను స్ట్రెచర్ మీదనుంచి దించారు కానీ, ఆమె బరువు దాని మీదే ఉండిపోయింది. ఖాళీగా ఉన్నా ఇప్పటికీ అది అక్కంత బరువు తూగుతుంది. అలాగని దాన్నెవరూ పక్కన పెట్టలేదు. చక్రాలకు నూనె వేసి వాడుతున్నారు.

అక్కకు కిడ్నీలు పాడైపోయాయి. డయాలసిస్‌కి ఆస్పత్రి బండి ఇంటికొచ్చి తీసుకెళ్ళేది. ఆ బండికి సైరన్ ఉండదు. ప్రాణం మీదికి రానివాళ్ళను తిప్పడానికే అది ఉంది.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. రోగిని వార్డుకు చేర్చిన సహాయకుడు "అందుకోండి" అనాలి. నర్సు రోగి మీద చెయ్యి వేసి "అందుకున్నాం" అనాలి. అప్పటిదాకా సహాయకుడు పక్కనుంచి కదలకూడదు. ఆ రోజు బండ్ల ఇన్‌చార్జి దివాకరం గారు, ఇంకో ట్రిప్పుకి ఆలస్యమవుతోందని, "అర్జెంటు కేసు కాదుగా, గోడవార పెట్టేసి వచ్చెయ్యండి" అన్నారు. పెట్టేసి వచ్చేశారు. అక్క సాయంత్రం దాకా నడవాలో గోడవారే ఉంది. ఎవరూ అందుకోకుండానే పోయింది.

నేను బడిలో పాఠాలు చెప్పడం మానేసి ఆ బండిలో సహాయకుడిగా చేరాను. దివాకరం గారు ఎప్పటికైనా ఈ స్ట్రెచర్ ఎక్కుతారని చేరాను. వేరే కారణం లేదు.

ఈ రోజు ఎక్కుతున్నారు. ఆయన కిడ్నీలూ ఆగిపోయాయి.

డ్రైవరు నూకరాజు తలవైపు, నేను కాళ్ళవైపు పట్టుకుని లేపుతాం. బరువు ఏమీ పెరగదు.

"మాస్టారూ, ఈయన ఎక్కారా, ఎక్కలేదా?"

"ఎక్కారు."

"మరి బరువేదండీ?"

"ఉన్నది మా అక్కదే."

నూకరాజు వంగి చూస్తాడు. దివాకరం గారు పరుపుకు జానెడు ఎత్తున తేలుతున్నారు.

"ఇన్నాళ్ళూ మా మీద ఎందుకలా ఎగిరిపడేవారో ఇప్పుడు తెలిసిందండీ," అంటాడు.

నేను బెల్టు బిగించి, దాని కొసను మణికట్టుకు చుట్టుకుంటాను. వదిలితే ఆయన పైకప్పుకు అంటుకుపోతారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"సైరన్ వెయ్యి, నూకరాజూ," అంటారు ఆయన.

"మన బండికి సైరనెక్కడుందండీ? అర్జెంటోళ్ళు కాదు కదా, ఎందుకూ దండగన్నారు తమరే."

ఆస్పత్రి వంతెనకు ఇవతల ఉండాలి. మేము చేరేసరికి లేచి అవతలి ఒడ్డుకు వెళ్తుంది. అక్కడికి వెళ్తే సముద్రం దగ్గర మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటుంది. నూకరాజు విసుక్కోకుండా బండిని నీళ్ళలోకి పోనిస్తాడు.

నడవాలో గోడకు కొత్తగా సున్నం వేశారు. గోడవార పెట్టినవాళ్ళకు కూడా కలిపే వేశారు. వాళ్ళ ఒళ్ళు గోడలో కలిసిపోయింది. కళ్ళు మాత్రం వదిలేశారు.

"ఎవరండీ వీళ్ళు?" అంటారు దివాకరం గారు.

"అర్జెంటు కానివాళ్ళు."

సున్నంలోంచి ఒక ముసలామె అడుగుతుంది. "బాబూ, నా వంతొచ్చిందా?"

"కాసేపు ఉండమ్మా," అంటారు ఆయన, అలవాటు కొద్దీ.

"చూడండర్రా, కాసేపు గారొచ్చారు!"

గోడంతా నవ్వుతుంది. సున్నం పెచ్చులు రాలి ఆయన మొహం మీద పడతాయి. ఆయన తుడుచుకోలేరు. చేతులు బెల్టు కింద ఉన్నాయి.

గోడకు ఒకచోట సున్నం లేదు. మనిషి పొడవున ఇటుకలు కనిపిస్తున్నాయి. స్ట్రెచర్ అక్కడ సరిగ్గా పడుతుంది. చక్రాలకు తాళం వేస్తాను.

"మాస్టారూ, మీ అక్కగారిని నేను చంపలేదు."

"లేదండీ. గోడవార పెట్టించారు."

"నన్నూ పెట్టేసి వెళ్ళిపోతారా?"

"వెళ్ళను. పద్ధతి ప్రకారం పక్కనే ఉంటాను. ఎవరైనా అందుకునేదాకా."

ఆయనకు అర్థమవుతుంది. కన్నీళ్ళు చెంపల మీదికి జారకుండా, ఒక్కొక్కటే పైకి లేచి పైకప్పుకు తగులుతున్నాయి. నేను వాటిని చూస్తూ నిలబడతాను. నాకు హాయిగా ఉంది.

అప్పుడు నడవా చివరినుంచి నర్సు చేతులు వస్తాయి. నర్సు ఇంకా పై అంతస్తులోనే ఉంది. చేతులు మాత్రం మెట్లు దిగి, మలుపు మలుపుకూ ఒక కొత్త మోచెయ్యి మొలిపించుకుంటూ, మా దాకా వచ్చి దోసిలి పడతాయి. దోసిట్లో ఒక చిన్న వార్డు ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. ఒకే మంచం, దుప్పటి ఒక పక్కకు తీసి ఉంది.

గోడ ఊపిరి బిగబడుతుంది.

"మాస్టారూ," అంటాడు నూకరాజు మెల్లగా, "చేతులు వచ్చేశాయండీ."

చూస్తూనే ఉన్నాను. "అందుకోండి" అని నేను ఇంకా అనలేదు.