పిలవకముందే లేచినవాళ్ళు

రెండో గంట మోగేసరికి ప్రిన్సిపాల్ నాలుగు చీపుర్లు తెప్పించి సంఘం మేడమ్ బల్లమీద పెట్టించాడు. సోషియాలజీ చెబుతుంది కాబట్టి పిల్లలు ఆమెకు పెట్టిన పేరది. ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తే తప్ప ఉద్యోగం లేని మనిషి. దానిమీద ప్రిన్సిపాల్ సంతకం పడాల్సింది ఈ శనివారమే.

"ఊడ్చే ఆయమ్మని మాన్పించేశాం కదా మేడమ్, ఆ జీతం దండగన్నారు పైవాళ్ళు. మీ క్లాసులో ఫీజు మాఫీ పిల్లలు నలుగురున్నారుగా, రోజూ వాళ్ళచేత ఊడిపించండి. ప్రాక్టికల్ కింద మార్కులు వేసెయ్యండి. శ్రమ గౌరవం! మీ సబ్జెక్టేగా."

"మరి మిగతావాళ్ళు సార్?"

"వాళ్ళు డబ్బు కట్టారు కదండీ."

సమాజమంటే ఏమిటో ఇంత విడమర్చి ఆమె కూడా ఎన్నడూ చెప్పలేదు.

కోపం రావాలి. రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియనట్టు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె మనసూ అలాగే అయిపోయింది. పాము చావకుండా, కర్ర విరగకుండా "చూద్దాం సార్" అనడం అలవాటైంది. ఇప్పుడూ అదే అంది.

అలాగని పాఠం చేతకానిదేం కాదు. ప్రతి ఏడూ మొదటిరోజు పుస్తకం తెరవకుండా ఒక్కటే అడిగేది: "మీరు రాకముందు ఈ గదిలో ఎవరు పనిచేశారు?" పిల్లలు బిక్కమొహాలు వేసేవారు. అప్పుడు ఆయమ్మను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టేది. "కళ్ళముందే తిరుగుతున్నా కనపడని మనిషిని చూడ్డం నేర్చుకోవడమే మన చదువు" అనేది. ఆయమ్మ ఇబ్బందిగా కదులుతూ, "అవతల వరండా అంతా అలాగే ఉంది తల్లీ, నీ పాఠం తొందరగా కానియ్యి" అనేది. క్లాసంతా నవ్వేది.

నిన్న ఆ ఆయమ్మ మూట చంకన పెట్టుకుని గేటు దాటుతుంటే మేడమ్ కిటికీలోంచి చూసింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

చీపుర్లు పట్టుకుని ఆమె క్లాసులోకి వెళ్ళింది. వెనకే ప్రిన్సిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ ప్రాక్టికల్..." అని మొదలుపెట్టిందో లేదో, బెంచీలు కిర్రుమన్నాయి. నలుగురు లేచారు. ఆ నలుగురే. చివరి వరుసలో అమ్మాయి అప్పటికే డ్రెస్సు చేతులు పైకి మడుచుకుంటోంది. మిగతావాళ్ళు తలెత్తి చూడనైనా లేదు.

"నేనింకా ఎవర్నీ పిలవలేదుగా?"

"చీపుర్లు కనపడ్డాయిగా మేడమ్. మేమే అయ్యుంటాం" అంది అమ్మాయి.

ఆ మాటలో బాధ లేదు, ఉక్రోషం లేదు. అచ్చం తన "చూద్దాం సార్" గొంతే. ఈ పిల్లకి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. మేడమ్‌కు భయమేసింది.

"కూర్చోండమ్మా."

"ఏంటి మేడమ్ ఇది?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఈ ప్రాక్టికల్ నేను చేయించను సార్."

చీపుర్లు గోడకి ఆనించి క్లాసువైపు తిరిగింది.

"ఇవి ఎవరికోసమో నేను చెప్పలేదు. మీ అందరికీ ఎలా తెలిసింది?"

ప్రిన్సిపాల్ గుమ్మంలోంచి కదల్లేదు. ఆ నలుగురూ ఇంకా కూర్చోలేదు.