టేపు చాలని బావ

శ్రీ గర్జన గారి ఐశ్వర్యానికి మూలమేమిటన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. పత్రికలలో ధనవంతుల పేజీ రాసేవారు ర్యాప్ పాటలే మూలమన్నారు. వారికంటే లోతుగా తవ్వినవారు పాటలు కాదు, అత్తరు అన్నారు. వీరి మాటలో నిజముంది. గర్జన పేరు మోసే ఆ అత్తరు ప్రకటనలో గర్జన నోరు విప్పడు. వానలో నిలబడి గడ్డం కాస్త పైకెత్తి దిగంతాలకేసి చూస్తాడు, అంతే. మాటలతో కీర్తి గడించి మౌనంతో మేడలు కట్టిన మహానుభావుడు చరిత్రలో ఇంకొకడుంటే చూపించాలి. అత్తరు తరువాత బూట్లు, బూట్ల తరువాత చెవులకు తగిలించుకునే యంత్రాలు, ఆపైన నిద్రను తరిమికొట్టే ఒక పానీయంలో వాటా, వీటన్నిటితో కొన్న భవనాల మీద అద్దెలు. తన అత్తరు వాసన తగిలితే ఆయనకు ఆగకుండా తుమ్ములొస్తాయన్నది మాత్రం గట్టిగా కాపాడిన రాజరహస్యం.

టీవీలో ఒక అమ్మాయి ఆ ప్రశ్నే అడిగింది.

"మీ సంపద అంతటికీ అసలు మూలం ఏంటి సార్?"

"కష్టం," అన్నాడు గర్జన.

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఆయనకు ఎందుకో ఒక భోజనాల బల్ల కళ్లముందు మెదిలింది. దర్జీ దుకాణం వెనక గదిలో ఉండేదది. ఒక కాలు పొట్టిదైనందున దాని కింద గుడ్డపీలికలు మడిచి పెట్టేవారు. బల్లకు అటువైపు, నోట్లో అన్నం మింగేదాకా కూడా ఆగలేక హాస్యమాడుతూ, బావ.

గర్జన అప్పటికింకా గర్జన కాడు, చిట్టి. తల్లిదండ్రులు లేని పిల్లవాడిని అక్క తనతోపాటు అత్తింటికి తెచ్చుకుంటే, బావ ఒక్క మాట అనకుండా బల్ల దగ్గర మూడో కుర్చీ వేశాడు. ఒక్క మాట అనలేదంటే, ఆ ఒక్క విషయంలోనే. మిగిలిన విషయాలలో ఆయన నోటికి విరామం ఉండేది కాదు. దుకాణంలో కత్తెర ఎంత వేగంగా ఆడేదో, ఇంట్లో నాలుక అంత వేగంగా ఆడేది. పరాయివాళ్లను ఎగతాళి చేయడం ఆయనకు నచ్చదు. అందుకని తనను తానే చేసుకునేవాడు. ఆయనది భారీ విగ్రహం. ఎగతాళికి సామగ్రి ఎప్పుడూ ఒంటిమీదే సిద్ధంగా ఉండేది.

"ఏరా బామ్మర్దీ," అనేవాడు, "ఊరందరి నడుములకీ సరిపోయే టేపు నా నడుము దగ్గరికొచ్చేసరికి చాలట్లేదు. ఇది టేపు తప్పా, మీ అక్క వంట తప్పా?"

అక్క చేతికందిన దారం రీలు విసిరేది. చిట్టి పడీపడీ నవ్వేవాడు. నవ్వుతూనే ఆ మాటను లోపల ఎక్కడో దాచుకునేవాడు. వాడికి పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాది ఆ దాచుకున్న మాటలన్నీ వరసగా నిలబడి కాళ్లు కదపడం మొదలెట్టాయి. అదే వాడి మొదటి పాట. దాని మకుటం ఇది:

"చాలదు చాలదు, టేపు చాలదు, మా బావ చుట్టూ తిరగడానికి రోజు చాలదు!"

మొట్టమొదట పాడింది ఆ బల్ల దగ్గరే. గరిటెతో గిన్నె మీద తాళం వేస్తూ పాడాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది బావే. కళ్లు తుడుచుకుంటూ, "బయట కూడా పాడుకోరా," అన్నాడు. "నా నడుమేగా! నలుగురు పాడితే అరిగిపోతుందా?"

నలుగురు పాడి ఉంటే అరిగేది కాదేమో. పాడింది దేశం. ఏ వీధిలో విన్నా, ఏ పెళ్లి ఊరేగింపులో విన్నా, బడిపిల్లల ఆటల్లో విన్నా టేపు చాలలేదు. చిట్టి అదృశ్యమై గర్జన అవతరించాడు. ఊరూరా పాడుతూ దిగ్విజయ యాత్రలకు బయలుదేరాడు. ఆ యాత్రలలో పుట్టిన పాటలు కూడా చాలామటుకు బల్ల దగ్గర దాచుకున్న సరుకే. ఆ సరుకు అడుగంటిన తరువాత ఆయన కొత్తగా ఒక అలవాటు చేసుకున్నాడు. ఎక్కడ, ఎవరి నోట మంచి మాట రాలినా కుడిచేతి బొటనవేలు దానంతటదే జేబులోని ఫోనును వెతుక్కుంటుంది. ఎర్ర గుండ్రం వెలుగుతుంది. ఆయన ఆ మాటను ఫోనుకు దగ్గరగా ఒకసారి గొణుక్కుంటాడు. ఆ బొటనవేలు గురించి సంగీత విమర్శకులు వ్యాసాలు రాశారు. కానీ కొన్నేళ్లుగా దానికి దొరికింది తక్కువ. చుట్టూ ఉన్నవారంతా ఆయన జీతగాళ్లు. జీతగాళ్లెవరూ యజమాని ముందు గొప్పగా నవ్వించరు, గొప్పగా నవ్వుతారు.

ఆ టీవీ చప్పట్లు విన్న వారం తిరక్కుండానే, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, గర్జన తన కారును పెద్దవీధిలో వదిలి, కోటొకటి చంకలో పెట్టుకుని, ఆ సందులోకి నడిచాడు. ఆయన కారు ఆ సందులో పట్టదు. ఆయన కోరిక చిన్నది, ఎవరితోనూ చెప్పుకోలేనిది. బావ నోట ఒక్కసారి "ఏరా" అనిపించుకోవాలి. పదేళ్లుగా బావ ఆయన్ని "మీరు" అంటున్నాడు.

దుకాణంలో దీపం వెలుగుతోంది. గోడకు కత్తిరింపుల అట్టలు వేలాడుతున్నాయి. మూలన, ఆయన ఎప్పుడో బహుమతిగా పంపిన సరికొత్త కుట్టుమిషన్, విప్పని పెట్టెలోనే ఉంది. దానిమీద ఇస్త్రీ చేసిన లాగులు మడతపెట్టి ఉన్నాయి. పాత మిషన్ దగ్గర కూర్చుని అక్క గుండీలకు కాజాలు కుడుతోంది.

"ఒరే చిట్టీ!" అంది అక్క, సూది గుడ్డలోనే వదిలేసి. "తడిసిపోయావు కదరా! గొడుగు కొనుక్కోడానిక్కూడా తీరిక లేదా నీకు?"

బావ కత్తెర దించి లేచి నిలబడ్డాడు. ఆయన బాగా చిక్కిపోయాడు. ఇప్పుడాయన చుట్టూ టేపు ఒకసారి తిరిగి, ఇంకా మిగిలేటట్టుంది.

"రండి," అన్నాడు. "కూర్చోండి. ఆ కుర్చీ కాదు, అది ఊగుతుంది. ఇది తీసుకోండి."

"నన్ను మీరు అంటావేంటి బావా?"

"పెద్దవారు కదండీ."

ఆ మాటలో వెటకారం ఉంటే గర్జన పండగ చేసుకునేవాడు. లేదు. కొత్త ఖాతాదారుతో మాట్లాడేటప్పుడు ఉండే శుభ్రమైన మర్యాద మాత్రమే ఉంది.

కోటు చేతి లోపలి కుట్టు ఊడిందని చూపించాడు. బావ కోటు తిరగేశాడు. ఆయన నోరు తెరవకముందే అక్క లాక్కుని చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఊడిందా, ఊడదీశావా? ఇస్కూలు ఎగ్గొట్టాలంటే పొద్దున్నే చొక్కా గుండీ తెంపుకునేవాడివి, గుర్తుందా? ఇంత పెద్దోడివయ్యావు, బుద్ధి మాత్రం ఆ గుండీ దగ్గరే ఆగిపోయిందిరా నీకు."

గర్జన తల దించుకున్నాడు. ఉదయం స్నానాలగదిలో గోళ్లకత్తెరతో ఆ కుట్టు తెంచింది తనే.

"మిమ్మల్ని చూడాలనిపించింది అక్కా. ఊరికే వస్తే ఎందుకొచ్చావంటారేమోనని..."

"రానప్పుడే అడిగాం కదరా, ఎందుకు రాలేదని." అక్క గొంతు తగ్గింది. "మీ బావ వాళ్లమ్మ పోయినప్పుడు కూడా రాలేదు నువ్వు."

"యాత్రలో ఉన్నానక్కా."

"నువ్వు లేకపోయినా నీ పాట వచ్చిందిలే."

"నువ్వుండవే," అన్నాడు బావ.

"ఉండను. వాడికి తెలియాలి." అక్క సూది అందుకుని, కాజా వైపే చూస్తూ చెప్పింది. "అత్తయ్యని కాటికి తీసుకెళ్తున్నాం. ఈయన ముందు నడుస్తున్నారు. వెనకాల ఎవడో కుర్రవెధవ సన్నగా అందుకున్నాడు, చాలదు చాలదు అని. ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. ఈయన వెనక్కి తిరగలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నారు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో జోకు లేదురా చిట్టీ. అప్పటికే ఏమన్నా నవ్వులాట ఆడబోతే వచ్చినవాళ్లు, 'ఇది పాటలోదేగా, ముందే విన్నాం' అనేవాళ్లు. ఆయన మాటలు ఆయనవే కాకుండా పోయాయి."

ప్రాసలకు చక్రవర్తి, యతులను గుర్రాల్లా తోలినవాడు, తడిసిన బూట్లకేసి చూస్తూ, "తప్పయిపోయింది బావా," అన్నాడు.

"అయ్యో, తప్పేముందండీ. పాడుకోమన్నది నేనే కదా." బావ టేపు మెడలోంచి తీశాడు. "కోటు ఎలాగూ తెచ్చారు. నడుము దగ్గర కూడా బిగుతుగా ఉన్నట్టుంది. ఒకసారి లేవండి, చూద్దాం."

గర్జన లేచి చేతులు ఎత్తి నిలబడ్డాడు. కంపెనీల విందులు ఆయనకు ఆదాయంతోపాటు కొన్ని అంగుళాలు కూడా సమకూర్చాయి. బావ టేపును ఆయన నడుము చుట్టూ తిప్పాడు. కొసలు కలపడానికి ఒక అడుగు దగ్గరికి జరగవలసి వచ్చింది. అంత దగ్గరగా బావ వచ్చి ఎన్నేళ్లయిందో! సుద్దముక్క వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన, మొత్తం బాల్యం వచ్చి ఛాతీకి ఆనుకుంది. ముగ్గురికీ ఒకే మాట గుర్తొచ్చింది. ముగ్గురూ దాన్ని అనలేదు. అక్క కాజా మీదనుంచి తల ఎత్తలేదు గానీ ఆమె భుజాలు కదులుతున్నాయి. ఆ భుజాల్ని చూసి బావ పెదవి ఒక పక్క వణికింది. ఆయన లోపల ఎక్కడో మూతపడిన తలుపు కిర్రుమంది.

"ఊరంతా నీ పాటకి ఊగిందన్నారు గానీ," అన్నాడు బావ, టేపు మీద అంకె చదువుతూ, "తాళం తప్పకుండా ఊగింది మాత్రం నీ పొట్ట ఒక్కటేరా బామ్మర్దీ!"

అక్క పకపకమంది. గర్జన నవ్వాడు, నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. నవ్వుతో ఊగుతున్న పొట్ట బావ మాటను అక్కడికక్కడే రుజువు చేస్తుంటే బావ కూడా నవ్వాడు, పాత నవ్వు, బల్ల కాలు కింద గుడ్డపీలికలు జారిపోయేంత నవ్వు. వచ్చిన పని అయింది. ఇక ఈ లోకంలో గర్జనకు కావలసింది ఏమీ లేదు.

"తాళం తప్పకుండా ఊగింది..."

ఆ గొణుగుడు ఎవరిదో ఆయనకు క్షణంపాటు తెలియలేదు. తన గొంతే. ఫోను తన పెదవుల దగ్గర ఉంది. ఎర్ర గుండ్రం వెలుగుతోంది. విమర్శకులు కీర్తించిన ఆ బొటనవేలు యజమానిని అడగకుండానే తన ఉద్యోగం తాను చేసేసింది.

ముందు అక్క నవ్వు ఆగింది. బావ ఫోనుకేసి చూశాడు, కోపంగా కాదు. కొలత తీసుకున్నట్టు చూశాడు. తరువాత టేపును ఆయన నడుము నుంచి తీసి, వేలికి చుట్టుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బావా, అలవాటు... చెయ్యి దానంతటదే... ఇదిగో తీసేస్తున్నా, చూడు, తీసేశా."

"ఎందుకండీ తీసేయడం?" అన్నాడు బావ. "ఉంచుకోండి. బాగానే ఉంటుంది పాటకి."

"పాటకి కాదు బావా! ఒట్టు!"

"కోటు ఎల్లుండికి అయిపోతుంది. మీరు శ్రమపడి రావద్దు, ఎవరినైనా పంపించండి."

గర్జన అక్కకేసి చూశాడు. అక్క అటు తిరిగి సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం సూదిలోకి వెళ్లడం లేదు.

"వెళ్లరా," అంది చివరికి. "వాన తగ్గినట్టుంది."

వాన తగ్గలేదు. కారు వెనక సీటులో, నీళ్లోడుతూ, ఆయన తనను తాను నిలదీసుకున్నాడు. ఆ సందులోకి తాను వెళ్లింది క్షమాపణ కోసమా, సరుకు కోసమా? ఉదయం ఆ కుట్టు తెంచినప్పుడు, మొన్న ఆ చప్పట్లలో బల్ల గుర్తుకొచ్చినప్పుడు, ఏది ముందు గుర్తుకొచ్చింది, బావ మొహమా, బావ మాటలా? లోకంలో ఏ విషయం మీదనైనా రెండు చరణాలు అల్లగల ప్రతిభ ఈ ఒక్క ప్రశ్న దగ్గర మూగబోయింది. ఫోనులోంచి మాట పోయింది గానీ నోట్లోంచి పోలేదు. తాళం తప్పకుండా, తాళం తప్పకుండా అంటూ కారు అద్దం తుడిచే వైపర్లతో జత కలిసింది. ఎన్నో ఏళ్లకు దొరికిన మొదటి మంచి వాక్యం. ఆయన పళ్లు బిగించి కూర్చున్నాడు.

ఆ వాక్యాన్ని ఆయన ఇంతవరకు ఎక్కడా పాడలేదు. ఇకముందు పాడడని పూచీ ఇవ్వగలవారు మాత్రం ఎవరూ లేరు, ఆయనతో సహా.

చెప్పిన రోజుకు డ్రైవరు వెళ్లి కోటు తెచ్చాడు. గర్జన తలుపు వేసుకుని పొట్లం విప్పాడు. సిగ్గు విడిచి జేబులన్నీ వెతికాడు, ఒక ముక్క ఏదైనా ఉంటుందేమోనని, తిట్టయినా సరే. ఏమీ లేదు. చేతి కుట్టు ఎక్కడ తెగిందో తెలియకుండా కలిసిపోయింది. కోటు తొడుక్కున్నాడు. ఊపిరి సుఖంగా ఆడింది. విప్పి చూస్తే, నడుము దగ్గర రెండు పక్కలా, అడగకుండానే, వదులు చేసి ఉంది. లోపలివైపు తెల్లటి సుద్దగీత ఒకటి చెరపకుండా మిగిలిపోయింది.

ఆయన ఆ గీత మీద బొటనవేలు ఆనించబోయి, చెరిగిపోతుందని వెనక్కి తీసుకున్నాడు.