లెక్కల సారు వేషం

"సిన్నపిల్లల ముక్కులు తుడవడానికి ఇంత ముస్తాబేటి నీకు?" అన్నారు మా ఆయన, ఆయన క్యారియర్‌లో పప్పు సర్ది గబగబా చీర మార్చుకుంటున్న నన్ను చూసి. పదకొండేళ్ళుగా ఈ బెంగాలీ ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా తెలుగు బడిలో ఐదో తరగతి నాదే. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనది ఉద్యోగమనీ నాది కాలక్షేపమనీ మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. నీళ్ళు పట్టి, గిన్నెలు తోమి, రెండు పూటల కూరా వండేసి వెళ్ళి, తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే స్టవ్ వెలిగించే కాలక్షేపం.

ఐదో తరగతి దాటితే పిల్లలు పెద్దబడికి వెళ్ళాలి. మా దగ్గర అన్ని పాఠాలకూ నేనే, ఏడిస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకునేదీ నేనే. అక్కడ గంటకో సారు మారతాడు. హాజరు హిందీలో పిలుస్తారట, బంగ్లాలో కసురుతారట. అందుకని ఏటా చివరి రెండు నెలలూ నేను వేషాలు కడతాను. గంట కొట్టగానే బయటికి వెళ్ళి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని భూగోళం చెప్పే టీచరమ్మ దీదీమణిగా లోపలికొస్తాను. మళ్ళీ గంట కొడితే హెడ్మాస్టారి కళ్ళద్దాలు అడిగి తెచ్చుకుని హిందీ సారునవుతాను. పిల్లలు పడీ పడీ నవ్వుతూనే పీరియడుకో పుస్తకం తీయడం, గుమ్మం దగ్గర ఆగి అనుమతి అడగడం నేర్చుకుంటారు.

లెక్కల సారు వస్తే మాత్రం నవ్వులు ఆగిపోతాయి. ఆయన వేషానికి నాకు కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు. "ఇంతమాత్రం తెలీదా? బుర్రలో ఏటుంది నీకు?" అంటే చాలు. ఆ గొంతు ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు.

ఈ ఎనభై ఏడులో ఒకరోజు అలా అరిచినప్పుడు గౌరి లేచి నిలబడింది. బక్కపిల్ల. "మీరరిస్తే నాకు అరదం కాదు సార్. మెల్లగా సెప్పండి" అంది. నేను నేర్పిన మాట కాదది. దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాను. అంత చిన్న మాట ఇంట్లో నా నోటికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదని ఏడుపొచ్చింది.

గౌరి తండ్రి గ్యాంగ్‌మన్, వారాల తరబడి లైను మీదే ఉంటాడు. తల్లి దాలమ్మ పూరీ గేట్ దగ్గర కూరలమ్ముతుంది. పెద్దబడిలో చేర్చుకునే పరీక్ష సోమవారం. పెద్దవాళ్ళు ఎవరైనా వెంట ఉండాలి.

"బేరమాడ్డానికైతే నాకు బంగ్లా వొత్తాది గానీ ఆ సార్ల ముందు నోరు పెగల్దమ్మా" అంది దాలమ్మ. "మీరొత్తే అంపుతాను. నేకపోతే ఐదో కలాసు సాలు దానికి."

వస్తానని మాటిచ్చాను.

గురువారం మా ఆయన పాసు తెచ్చి దేవుడి పటం ముందు పెట్టారు. "శనివారం మద్దేన్నం బండికి పార్వతీపురం. సెల్లి గృహప్రవేశం."

రైల్వే పాసులు ఏడాదికి లెక్కగా ఇస్తారు. సెల్ఫ్ అండ్ వైఫ్ అని రాసేశాక వైఫ్ బండెక్కినా ఎక్కకపోయినా ఒక పాసు అయిపోయినట్టే. నేను వైఫ్‌గా ఎక్కిన ప్రతి బండీ ఎవరిదో ఒకరి వంటింటి గుమ్మంలోనే దింపింది నన్ను.

"సోమవారం గౌరిని పెద్దబడికి తీసికెళ్ళాలండి."

"ఆల్లమ్మ నేదేటి? ఏబైమందికి వంట. నువ్వు నేకపోతే ఎలాగ?"

రెండు రోజులు ఇల్లు ఊడుస్తున్నా బట్టలు జాడిస్తున్నా అదే ఆలోచన. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు, "మా కోడలుంటే వంటమనిసెందుకు?" అని పదిమందిలో అన్నారు. అప్పుడు నేనూ మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. ఆవిడ మీద కోపం రాలేదు, ఆవిడనూ ఎవరో అలాగే మెచ్చుకుని ఉంటారు.

శనివారం ఒక్క సంచీయే సర్దాను. అందులో ఆయన పంచెలు, దారికి చపాతీలు, ఆడపడుచుకు పెట్టాల్సిన చీర.

"నీ బట్టలేయి?"

"నేను రావటం లేదండి."

"పాసు మీద నీ పేరుందే. వేస్టయిపోద్ది."

"పేరు తీసికెళ్ళండి" అన్నాను. మెల్లగానే అన్నాను.

ఆయన సంచీ అందుకుని వెళ్ళిపోయారు. గడప మీదే కూర్చుండిపోయాను.

సోమవారం గౌరి జడలకు రిబ్బన్లు కట్టి పెద్దబడికి తీసుకెళ్ళాను. గేటు దాటితే పొడవాటి వరండా, వరసగా ఒకేలాంటి తలుపులు, ఎటు చూసినా తెలియని ముఖాలు. గౌరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లెక్కల సారు గదేది టీసరమ్మా?"

పదకొండేళ్ళుగా ఆ సార్ల వేషాలన్నీ పిల్లలకు కట్టి చూపించినదాన్ని.

"నాకూ తెలీదమ్మా. నేనీ గేటు లోపలికి రావడం ఇదే మొదలు."

గౌరి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అయితే అడుగుదాం, రండి" అంది.