పాఠానికి పెట్టిన ఫోటో

నాగజ్యోతికి పిల్లల చేతిలో ఫోన్ కనబడితే ఒళ్లు మంట. రెజిమెంటల్ బజార్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె కంప్యూటర్ టీచర్. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టగానే బల్ల మీద నీలం ప్లాస్టిక్ టబ్బు పెడుతుంది. దొంగచాటుగా తెచ్చుకున్న ఫోన్లన్నీ అందులో పడితేగానీ పాఠం మొదలుకాదు.

ఆ రోజు పాఠం వాట్సాప్ పుకార్ల గురించి. ఊరికే చెబితే వీళ్ల చెవికెక్కదని, పెద్ద తెర మీద ఒక ఫోటో పెట్టి, కింద తనే ఎర్ర అక్షరాలతో రాసింది: "జాగ్రత్త! ఇతను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు. మన బజార్‌లోనే తిరుగుతున్నాడు. వెంటనే అందరికీ పంపండి."

ఫోటోలో ఉన్నది ఆమె భర్త సత్యదేవ్. ముందురోజు ఆయనే ఏరి ఇచ్చాడు. "పరాయివాళ్లది పెడితే గొడవలొస్తాయి. నాది పెట్టుకో జ్యోతీ, నన్నెవరేం చేస్తారు?" అని నవ్వాడు కూడా.

"నమ్మేశారు కదూ! ఈయన మా ఆయన" అనగానే క్లాసంతా గొల్లున నవ్వింది. పాఠమంటే ఇలా ఉండాలని నాగజ్యోతి మురిసిపోయింది.

టబ్బులో ఉన్నవాటిలో ఒకటి చచ్చిన ఫోనని ఆమెకు తెలియదు. వెనక బెంచీ హరికిషన్ ఇంట్లో మూలపడ్డ పాత ఫోన్‌ను టబ్బుకు సమర్పించి, అసలుదాన్ని సాక్సులో దాచుకున్నాడు. మహా ఘనకార్యం! తెర మీది బొమ్మను ఫోటో తీసి గల్లీ గ్రూపులో పడేశాడు. క్లాసులో నవ్విన నవ్వు ఆ ఫోటోలోకి రాలేదు.

బడి వదిలే వేళకు సత్యదేవ్ ఎప్పటిలాగే వచ్చి గేటు ముందు స్కూటర్ ఆపాడు. రోడ్డు దాటలేక నిలబడ్డ చిన్నపిల్ల చేయి పట్టుకుని అవతలికి దాటించాడు. అంతే.

"వీడేరా! ఫోటోల ఉన్నోడు వీడే!"

మొదటి దెబ్బ చెంప మీద. రెండోది హెల్మెట్‌తో, ముక్కు మీద. కిందపడితే ఎవడో కడుపులో తన్నాడు. ఇంకెవడో తోపుడుబండి చక్రం కింది రాయి లాగి భుజం మీద మోదాడు. "మా ఆవిడ ఇక్కడ టీచరండీ" అనబోతే నోట్లోంచి మాటకు బదులు రక్తమూ, పళ్లూ వచ్చాయి. కొట్టేవాళ్లకంటే ఫోన్లెత్తి వీడియో తీసేవాళ్లే ఎక్కువ. థూ, వాళ్ల బతుకు చెడ!

నాగజ్యోతి గేటు దాటేసరికి జనం కాళ్ల మధ్య ఆయన చొక్కా కనబడింది. "మా ఆయనండీ! కొట్టకండీ!" అని అరుస్తూ వెళ్లి మీద పడిపోయింది. ఆమె వీపు మీద కూడా దబదబా పడ్డాయి.

"ఇది సుత వాని గ్యాంగే!" అన్నాడొకడు.

ఎదురుగా ఉన్న గాజుల దుకాణం జాన్ సాహెబ్ షట్టర్ దించే ఇనప కొక్కెంతో ఉరికొచ్చి, ముందున్నవాడి మోకాలి మీద ఒక్కటి వేశాడు. "అరే బేవకూఫ్! టీచరమ్మ పెనిమిటిరా! రోజూ ఈడనే నిలబడ్తడు, కండ్లు పోయినయా?"

గుంపు వెనక్కి జరిగింది. ఫోన్లు దిగాయి. సత్యదేవ్ గొంతులో ఊపిరి గురగురలాడుతోంది. జాన్ సాహెబ్ ఆటో కోసం కేకేశాడు.

"ఫోటో వచ్చింది గదా, మాకేం ఎర్క?" అంటూ ఒకడు తన ఫోన్ తెచ్చి ఆమె మొహం ముందు పెట్టాడు. ఎర్ర అక్షరాలు. తను రాసినవే, ఒక్క తప్పు లేకుండా.

అప్పుడే హరికిషన్ ఏడుస్తూ వచ్చాడు. "మేడమ్, జోక్ అని పెట్టిన... మస్తు తప్పయింది మేడమ్."

నాగజ్యోతి లేచింది. వాడి చెంప పగలగొట్టింది. జుట్టు పట్టుకుని తల గేటుకేసి కొట్టింది. వాడి నుదురు చిట్లింది. వాడి మీద ఎంత కోపముందో అంతకు వందరెట్లు ఆమెకు తన మీద ఉంది. చేతికందింది మాత్రం వాడే.

"అమ్మా, ఆటో వచ్చింది! సార్‌ను లేపుదాం పట్టు, పిల్లగాన్ని ఇడువు!" జాన్ సాహెబ్ మొత్తుకుంటున్నాడు.

"తియ్ తియ్, టీచర్ పిల్లగాన్ని చంపుతున్నది!" అన్నారెవరో. దిగిన ఫోన్లన్నీ మళ్లీ లేచాయి.

నాగజ్యోతి వాటిని చూసింది. చూస్తూనే మళ్లీ చేయెత్తింది.