మెడలు వంచే విద్య

కువైట్‌లో వఫ్రా దారిలో గోదాములు కడుతున్న ఆ కొరియా కంపెనీలో రోజూ పొద్దున్నే ఒక తతంగం. మైకులో పాట పెడతారు. వందల మంది కూలీలు చేతులూ కాళ్ళూ ఊపాలి, కంపెనీ నినాదం అరవాలి, చివర్న జెండాకి నడుం దాకా వంగాలి. ఆ రోజు పరశురాం వంగలేకపోయాడు. సిమెంటు బస్తాలు మోసి మోసి అతని నడుం పట్టేసింది. మేనేజర్ చోయ్ వచ్చి మెడ మీద చెయ్యేసి వంచాడు. ముసలాడు ఇసకలో బోర్లా పడ్డాడు. పక్క వరసలో ఉన్న చిన్నరాజం అదంతా చూశాడు. చూసి, తనూ వంగాడు. ఆ పూటంతా తన మీద తనకే రోత పుట్టింది.

శుక్రవారం సాయంత్రం చోయ్‌గారికి కూలీల మీద ప్రేమ పొంగింది. క్యాంపు మెస్సులో తెల్లదుప్పటి కట్టించి తమ దేశం సినిమా వేయించాడు. క్రమశిక్షణతో జాతి ఎలా పైకొస్తుందో వీళ్ళు నేర్చుకోవాలట. జపానువాళ్ళు కొరియాని ఏలిన రోజుల కథ అది. కింద పడే ఇంగ్లీషు మాటలు చదివి కోనసీమ బుల్లిరాజు అందరికీ చెబుతున్నాడు.

“బళ్ళో పిల్లల్ని వరసగా నిలబెట్టి, జపాను రాజుండే దిక్కుకి వంగమంటన్నారండి. ఈ పిల్లేమో వంగనంటందండి.”

తెర మీద జపాను అధికారి ఆ పిల్ల మెడ పట్టి వంచాడు. మెస్సంతా పరశురాం వైపు తిరిగింది. ముందు వరసలో చోయ్ మాత్రం చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. పిల్ల మళ్ళీ తలెత్తితే లేచి మరీ చప్పట్లు కొట్టాడు.

చిన్నరాజానికి ఒళ్ళు మండింది. తాతల మెడల కోసం ఏడ్చే ఈ పెద్దమనిషికి తన చెయ్యి ఏం చేస్తోందో తెలియదా? ఏలినవాళ్ళు పోయారు, జెండా మారింది, మెడలు వంచే విద్య మాత్రం వీడికి దక్కింది.

“మా తాత గిట్లనే దొర గడి ముంగట వంగిండు,” అన్నాడు ఆ రాత్రి తన గదిలో చేరినవాళ్ళతో. “సంఘం వెట్టినంక బందు జేసిండు. నేను కువైట్ దాకొచ్చి మల్ల వంగుతున్న.”

“ఒకళ్ళిద్దరు నిలబడితే ఏరేత్తాడు రాజంగారూ. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కొట్టేసి ఇమానం ఎక్కించేత్తాడు,” అన్నాడు బుల్లిరాజు.

“నా ఒక్కని నడుముకు మీరందరు ఎందుకు ఆగమైతరు?” అన్నాడు పరశురాం. “ఎట్లనో నేనే వంగుత.”

“నీ నడుం ముచ్చట గాదన్నా. అందరి మెడల ముచ్చట. నిలబడితే అందరం నిలబడాలె,” అన్నాడు చిన్నరాజం.

ఆ మాట హిందీలో బంగ్లావాళ్ళ గదులకూ నేపాలీల గదులకూ పాకింది.

తెల్లారి పాట అయింది. నినాదం లేవలేదు. చోయ్ వంగమని అరిచాడు. ఒక్క నడుమూ కదల్లేదు. ఈ మాట లేపిందెవరో అప్పటికే ఎవరో చెవిన వేసినట్టుంది, అతను నేరుగా చిన్నరాజం ముందుకొచ్చాడు.

“నువ్వు ఖలాస్. ఇండియా.”

చిన్నరాజం మెడ దించలేదు. “నిన్న ఆ పిల్ల వంగకుంటె సప్పట్లు గొట్టినవ్ గద సార్?”

బుల్లిరాజు ఒక్క ముక్క మింగకుండా దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. చోయ్ చెయ్యి కంపెనీ బండి వైపు చూపించింది.

బండి కదులుతుంటే చిన్నరాజం వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ అయిన తన జాగాలోకి పరశురాం వచ్చి నిలబడుతున్నాడు, నడుం మీద చెయ్యేసుకుని. మైకులో పాట మళ్ళీ మొదలైంది. ఎలా వంగాలో చూపించడానికి చోయ్ జెండా వైపు తిరిగి తనే వంగాడు. అతని వెనక వందల మందీ నిటారుగా నిలబడే ఉన్నారు.